కొలతలిచ్చి చేయించుకునే స్టీల్ సైకిల్ ఫ్రేమ్‌కు ఏడాది ఆగమన్నారా?

ఏడాది అన్నారంటే అది చాలావరకు ముందున్న ఆర్డర్ల క్యూ అన్నా. ఫ్రేమ్ వెల్డింగ్‌కు అంత టైమ్ పట్టదు. ఎవరు త్వరగా ఇస్తారో అనంతపురంలో కూర్చుని ఫోన్‌లోనే తేల్చుకోవచ్చు.

1. టిగ్ వెల్డింగ్ (కరెంటు ఆర్క్‌తో ట్యూబులను నేరుగా అతికించడం) చేసేవాళ్లను చూడండి. లగ్‌లు (ట్యూబులు దూర్చి అతికే జాయింట్ తొడుగులు), ఫిల్లెట్ బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతికి, అతుకును నున్నగా చేయడం) అందమే గానీ చేతిపని ఎక్కువ.

2. అందరూ వదిలేసేది ఇదే. "ఎన్ని వారాలు?" అని అడిగి ఊరుకోవద్దు, "ఏ రోజు నుంచి లెక్క?" అనండి. అడ్వాన్స్ కట్టినప్పటి నుంచా, డ్రాయింగ్ ఓకే చేసినప్పటి నుంచా? పెయింట్ అందులో కలిసిందా? ట్యూబులు షాపులోనే ఉన్నాయా, తెప్పించాలా? కొలంబస్ కంపెనీ ట్యూబులు కావాలంటే ఇటలీ సరుకు మరి. జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి.

3. స్టాక్, రీచ్ (పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైకొనకు ఎత్తు, ముందుకు దూరం), బ్రేకు రకం, టైరు వెడల్పు ముందే ఖాయం చేయండి (మన తుమ్మముళ్లకు సన్న టైర్లు వద్దు). డ్రాయింగ్ అయ్యాక మారిస్తే మళ్లీ మొదటికే.