ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్‌లో (ల్యాబులో కనుక్కున్నదాన్ని రోగి దాకా తెచ్చే రంగంలో) కొత్తవాళ్లకు మెంటరింగ్, నెట్‌వర్కింగ్ కార్యక్రమాలు నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి. కాకపోతే నిర్వాహకులు అనుకున్న చోట కాదు. బయోమార్కర్ల (జబ్బును పట్టిచ్చే శరీరంలోని గుర్తుల) మీద పీహెచ్‌డీ చేస్తున్నానని రాశారు. మెంటరింగ్ ప్రోగ్రాములో చేరితే ఎవరైనా పెద్ద ప్రొఫెసర్ దొరుకుతారా అని అడిగారు. దొరుకుతారు. దొరికి ఏం చేస్తారన్నదే అసలు సంగతి.

నాకూ అలా ఒక పెద్దాయన్ని కేటాయించారు. మొదటి వీడియో కాల్‌లో తన కథంతా చెప్పి, "ఎప్పుడు ఏం కావాలన్నా మెయిల్ పెట్టు" అన్నారు. పెట్టాను. సెక్రటరీ నుంచి జవాబొచ్చింది, సారుకు రెండు నెలల దాకా ఖాళీ లేదని. ఆయన చెడ్డవారేం కాదు. ల్యాబులో పైపెట్ పట్టుకోవడం మానేసి ఏళ్లయిన మనిషికి మన రోజువారీ తలనొప్పులు గుర్తుండవు, అంతే. ఇలాంటి జోడీలు చాలావరకు రెండో మీటింగుకే చతికిలబడతాయి. ఫీడ్‌బ్యాక్ ఫారం మాత్రం టైముకు వస్తుంది.

నాకు పని నేర్పిన మనిషి పేరు ఏ మెంటర్ల జాబితాలోనూ లేదు. ఒక కాన్ఫరెన్సులో పోస్టర్ సెషన్. నా పోస్టర్ మీద ఫలితాలేం లేవు, మొదలుపెట్టబోయే స్టడీ ప్లాన్ ఒక్కటే. రోగుల ప్లాస్మాలోని (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలోని) మైక్రో ఆర్‌ఎన్‌ఏలను, అంటే జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలను, ఆరోగ్యవంతుల వాటితో పోల్చి చూడాలని. ఫలితాల్లేని పోస్టర్ దగ్గర ఎవరు ఆగుతారు? ఒకావిడ ఆగారు. బ్యాడ్జి మీద క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్ అని ఉంది. అంతకుముందు చాలాకాలం వార్డులో నర్సుగా చేశారట. ప్లానంతా వదిలేసి, మూలన చిన్న అక్షరాల్లో ఉన్న ఒక లైను మీద వేలు పెట్టారు. రక్తం తీసిన రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ చేయాలి (మిషన్లో గిర్రున తిప్పి కణాలను వేరుచేయాలి) అన్న లైను.

"ఎవరు తెస్తారు?"

"వార్డు నుంచి పంపిస్తారండి."

"అదే, ఎవరు?"

నేను నీళ్లు నమిలాను. ఆవిడ నా హ్యాండవుట్ తిరగేసి, వెనకవైపు ట్యూబు వచ్చే దారి గీయడం మొదలుపెట్టారు. తెల్లవారుజామున నర్సు రక్తం తీస్తుంది, ట్యూబు ర్యాకులో కూర్చుంటుంది. షిఫ్టు మారుతుంది. అటెండర్ మిగతా వార్డులన్నీ తిరిగి చివరికి ఇక్కడికొస్తాడు. లిఫ్టు. రిసెప్షన్‌లో బార్‌కోడు. అప్పుడు మీ ల్యాబు. ఒక్కో మజిలీ పక్కన నిమిషాలు వేసుకుంటూ పోయారు, కూడి చూపించాల్సిన పని లేకపోయింది. కింద ఇంకో బొమ్మ గీశారు. అందులో మా ల్యాబు పక్క గదిలో కుర్చీ, అందులో పోల్చడానికి వచ్చిన ఆరోగ్యవంతుడైన వాలంటీరు, పక్కనే సెంట్రిఫ్యూజ్.

"ఇలా చేస్తే మీరు కొలిచేది జబ్బును కాదు, ట్యూబు ఎంతసేపు కూర్చుందో కొలుస్తారు" అన్నారు.

తర్వాత ఫోన్ తీసి, లేబుళ్లు కనపడకుండా తీసిన ఒక ఫొటో చూపించారు. ర్యాకులో కొన్ని ట్యూబుల్లో ప్లాస్మా లేత పసుపుగా ఉంది, కొన్నింటిలో గులాబి రంగుకు తిరిగింది. ఎర్ర రక్తకణాలు చితికితే అలా అవుతుంది. ఆ కణాల్లో మిర్-451, మిర్-16 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు దండిగా ఉంటాయి, చితికితే అవన్నీ ప్లాస్మాలోకి వచ్చేస్తాయి. ఈ శాస్త్రమంతా నాకు తెలిసిందే. అటెండర్ ఏ వార్డు నుంచి ఏ వార్డుకు వెళ్తాడో ఏ పేపర్లోనూ ఉండదు కదా!

స్టడీ మొదలయ్యేసరికి వాలంటీర్ల ట్యూబులు కూడా అదే వార్డు ర్యాకులో పెట్టించి, అదే అటెండర్‌తో తెప్పించాం. రక్తం తీసిన టైము, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టిన టైము రెండూ ప్రతి ట్యూబుకూ రాయించాం. ఆవిడ ద్వారా రెగ్యులేటరీ (ప్రభుత్వ అనుమతుల) పని చేసే ఒకరు, వాళ్ల ద్వారా ఒక స్టాటిస్టీషియన్ పరిచయమయ్యారు. నా నెట్‌వర్కంతా ఇదే. ఇందులో ప్రొఫెసర్లు ఎవరూ లేరు.

నెట్‌వర్కింగ్ వర్క్‌షాపుల్లో కొవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్లకు దారి వేసిన కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌ల కథ లేకుండా స్లైడ్లు పూర్తికావు. 1990ల చివర్లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో జిరాక్స్ మిషన్ దగ్గర కలిశారు, 2005లో పేపరు వేశారు, 2023లో నోబెల్ వచ్చింది. కాబట్టి అందరితో మాట కలపండి అంటారు. ఆమెకు ఆర్‌ఎన్‌ఏ తయారుచేయడం వచ్చు, ఆయన ఇమ్యునాలజీ మనిషి, హెచ్‌ఐవీ వ్యాక్సిన్ కోసం వెతుకుతున్నాడు. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. ఆ ముక్క ఎవరూ చెప్పరు. ఇప్పుడు పేపర్లన్నీ ఎవరి కంప్యూటర్లో వాళ్లు చదువుకుంటున్నారు, జిరాక్స్ మిషన్ దగ్గర ఎవరూ కలవరు. బదులుగా హాల్లో గంట కొట్టి, కాసేపటికోసారి కుర్చీలు మార్పించి, దానికి స్పీడ్ మెంటరింగ్ అని పేరు పెట్టారు. నేను పేరు చెప్పేలోపే గంట కొట్టేశారు ఒకచోట. ఆ హడావిడికంటే పెళ్లిచూపులు నయం.

నాకు ఇంకా నచ్చే ఉదాహరణ క్యాన్సర్ డాక్టరు బ్రయన్ డ్రూకర్‌ది. 1993లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు మారినప్పుడు ఆయన, సీబా-గైగీ మందుల కంపెనీలో ఉన్న పాత పరిచయస్తుడు నికోలస్ లిడన్‌ను మందు అణువులు అడిగాడు. డ్రూకర్ దగ్గర క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ కణాలు, లిడన్ దగ్గర కైనేజ్ ఇన్‌హిబిటర్లు, అంటే కైనేజ్ అనే ఎంజైములను అడ్డుకునే అణువులు. అందులోంచి వచ్చిన ఇమాటినిబ్ అనే మందుకు 2001 మేలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. ఈ రంగంలో మందు ముందుకు కదిలిందంటే ఇలాంటి పరిచయం వల్లే, వేరే దారి లేదు. ఎవరైనా వాదిస్తామంటే కామెంట్లలో రండి.

ఇక మీకు. మెంటర్‌గా మీ గైడును మాత్రం పెట్టుకోకండి. మీ పేపరు ఆయనకూ అవసరమే, కాబట్టి "ఈ ప్రాజెక్టు వదిలేయనా?" అన్న ప్రశ్నకు ఆయన దగ్గర నిజాయితీ జవాబు దొరకడం కష్టం. ప్రోగ్రాములో చేరండి, ఫీజు లేకపోతే తప్పకుండా చేరండి. ఫారంలో ఎలాంటి మెంటర్ కావాలి అన్నచోట బయోబ్యాంకు (రక్తం లాంటి నమూనాలు దాచే చోటు), ట్రయల్ ఆఫీసు, రెగ్యులేటరీ అని రాయండి. నిర్వాహకులు కంగారుపడతారు, పడనివ్వండి. మెయిల్ రాసేటప్పుడు మీ జీవిత చరిత్ర వద్దు, ఒకే ఒక్క ప్రశ్న, అదీ ఐదు లైన్లలో జవాబివ్వగలిగింది. రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆయన్ని వదిలేసి ఆ ల్యాబులోని పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ అయ్యాక అక్కడ పరిశోధన చేసేవాళ్లకు) రాయండి. వాళ్లు జవాబిస్తారు. పైగా ఫ్రీజరు తాళాలు ఉండేది వాళ్ల దగ్గరే.