పేరులేని ఫోన్ కంపెనీలో ఆఫర్... చేరొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ ఫైనలియర్. పెద్ద బ్రాండ్లకు ఫోన్లు డిజైన్ చేసి ఇచ్చే నోయిడా కంపెనీ ఒకటి ‘క్యారియర్ యాక్సెప్టెన్స్ ఇంజినీర్’గా ఆఫర్ ఇచ్చింది. అమెరికా టెలికాం కంపెనీలకు వెళ్లే ఫోన్ల మీద పనట. అంత పెద్ద బ్రాండ్లు తమ ఫోన్లు బయటివాళ్లతో ఎందుకు చేయిస్తాయి? ఖర్చు కోసమే అయితే రేపు ఈ పని కూడా ఇంకో చోటికి పోదా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఖర్చు ఒక కారణమే గానీ, అసలు కిటుకు అమెరికా మార్కెట్ తీరులో ఉంది. మనం షాపులో ఫోన్ కొని నచ్చిన సిమ్ వేసుకుంటాం. అక్కడ ఫోన్లు ఎక్కువగా వెరైజాన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ లాంటి ఆపరేటర్ల దగ్గరే, నెలవారీ బిల్లుతో కలిపి వాయిదాల్లో అమ్ముడవుతాయి. కాబట్టి ఫోన్ కంపెనీ ముందుగా మెప్పించాల్సింది ఆపరేటర్‌ని. తన బ్యాండ్లన్నీ (తాను వాడే ఫ్రీక్వెన్సీలు) పనిచేయాలి, వేరేవాళ్ల సిమ్ పనిచేయకుండా సిమ్ లాక్ ఉండాలి, ఆన్ చేయగానే తన లోగో రావాలి, తన యాప్‌లు ఉండాలి, ప్రతి అప్‌డేట్ తన ల్యాబ్ చూశాకే వెళ్లాలి అంటాడు ఆపరేటర్. ముగ్గురు ఆపరేటర్లంటే మూడు వేరియంట్లు, మూడుసార్లు పరీక్షలు. క్యారియర్ అంటే ఆపరేటరే; ఈ పరీక్షలు గట్టెక్కించడమే మీ అబ్బాయికి వచ్చిన ‘క్యారియర్ యాక్సెప్టెన్స్’ పని.

వెయ్యి డాలర్ల ఫోన్‌కైతే ఈ తతంగమంతా సొంత ఇంజినీర్లతో నడిపించినా గిట్టుబాటవుతుంది. ప్రీపెయిడ్ కౌంటర్లో నూరు, నూటయాభై డాలర్లకు పెట్టే ఫోన్‌కు ఆ పని చేస్తే వచ్చే లాభం ల్యాబ్ ఫీజులకే సరి. అందుకే చౌక మోడళ్లు ఓడీఎంలకు, అంటే వేరే బ్రాండ్ల కోసం ఫోన్ డిజైన్ చేసి తయారుచేసే కంపెనీలకు వెళ్తాయి. చైనాలోని హువాచిన్, లాంగ్‌చీర్ ఈ కోవలోవే. ఇవి ఒక చిప్‌సెట్ మీద బోర్డు ఒకటి తయారుచేసి పెట్టుకుంటాయి. దాన్నే ఫిల్టర్లు, యాంటెన్నా, సాఫ్ట్‌వేర్ మార్చి నలుగురు కస్టమర్లకు ఇస్తాయి. డిజైన్ ఖర్చు నలుగురి మీదా పడుతుంది, విడిభాగాలూ ఒకేసారి పెద్ద మొత్తంలో కొంటారు. డిజైన్ వేరేవాళ్లదై, బిగింపు మాత్రమే చేసే కంపెనీని ఈఎంఎస్ అంటారు. మీ అబ్బాయి ఆఫర్ ఏ రకమో ముందు తేల్చుకోండి, ఎందుకంటే నేర్చుకునే పని పూర్తిగా వేరు.

కొన్నిసార్లు ఫోన్ మీద ఆపరేటర్ బ్రాండే ఉంటుంది. టీ-మొబైల్ 2017లో తెచ్చిన మొదటి ‘రెవల్’ ఫోన్‌ను తయారుచేసింది టీసీఎల్. తైవాన్‌లో 1997లో పుట్టిన హెచ్‌టీసీ చాలాకాలం ఓ2, ఆరెంజ్, టీ-మొబైల్ పేర్లతో ఫోన్లు చేసిపెట్టింది. 2008లో వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోన్ టీ-మొబైల్ జీ1 కూడా దాని చేతిదే. కాబట్టి కంపెనీ పేరు ఎవరూ వినలేదని దిగులు పడకండి.

ఇక పని ఎలా ఉంటుందో చూద్దాం. వెరైజాన్ 4జీకి ముఖ్యమైనది బ్యాండ్ 13. ఇందులో ఫోన్ 777–787 మెగాహెర్ట్జ్‌లో సిగ్నల్ పంపుతుంది. దాని రెండో హార్మోనిక్, అంటే రెట్టింపు ఫ్రీక్వెన్సీలో పుట్టే అనవసర సిగ్నల్, 1554–1574 దగ్గర పడుతుంది. జీపీఎస్ ఉండేది 1575.42 దగ్గర, అంటే పక్కింట్లోనే! సిగ్నల్ బలం పెంచే పవర్ యాంప్లిఫయర్ తర్వాత ఫిల్టర్ సరిగా లేకపోతే డేటా నడుస్తున్నంతసేపూ జీపీఎస్ రిసీవర్‌కి చెవుడు వస్తుంది. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసినవారి లొకేషన్ తెలియడం అక్కడ తప్పనిసరి కాబట్టి ఇలాంటి ఫోన్‌ను ల్యాబ్ ముందుకు పోనివ్వదు. చిన్న ఫిల్టర్ మార్చడానికి బోర్డు లేఅవుట్ కదపాల్సి వస్తే వారాలు పోతాయి. పండగ సీజన్ కౌంటర్లో చోటు తప్పితే ఆర్డరే పోవచ్చు.

రెండో తలనొప్పి వాయిస్ కాల్. అమెరికా పెద్ద ఆపరేటర్లు 2022లో 3జీ మూసేశారు. ఇప్పుడు వోఎల్‌టీఈ (4జీ మీదే కాల్ వెళ్లే పద్ధతి) పనిచేయకపోతే ఇంటర్నెట్ వస్తుంది, కాల్ మాత్రం వెళ్లదు. మోడెమ్‌లో ఆ ఆపరేటర్ సెట్టింగుల ఫైలు తప్పుగా ఉన్నా, కాల్స్ నడిపే ఐఎంఎస్ వ్యవస్థలో ఫోన్ రిజిస్ట్రేషన్‌ను సర్వర్ తిరస్కరించినా జరిగేది ఇదే. లాగ్ (ఫోన్, నెట్‌వర్క్ మధ్య నడిచిన మెసేజ్‌ల రికార్డు) తెరిచి ఎక్కడ ఆగిందో పట్టుకోగలిగిన వాడికే ఈ రంగంలో విలువ.

పని ఇంకో చోటికి పోతుందా? బిగింపు పని ఎక్కడ చౌకైతే అక్కడికి పోతుంది, అది నిజమే. ఆపరేటర్ నెట్‌వర్క్‌తో ఫోన్‌ను కుదర్చడం తెలిసినవాడికి మాత్రం చిప్ కంపెనీలు, ఆపరేటర్లు, బ్రాండ్లు అన్నీ దారులే. మన దగ్గరా ఇదే పని ఉంది. 2022 అక్టోబరులో 5జీ మొదలైనప్పుడు జియో పూర్తిగా 5జీ మీదే నడిచే స్టాండలోన్ పద్ధతి, ఎయిర్‌టెల్ 4జీ ఆసరాతో నడిచే నాన్-స్టాండలోన్ పద్ధతి ఎంచుకున్నాయి. 5జీ ఫోన్ చేతిలో ఉండి కూడా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం ఎదురుచూసిన వాళ్లు ఎందరో. క్వాల్‌కామ్‌కు హైదరాబాద్‌లోనే పెద్ద కేంద్రం ఉంది.

నా అభిప్రాయం: చేరొచ్చు, కానీ పనేంటో చూసుకుని. ఈ హోదాతోనే కొన్నిచోట్ల రోజంతా కాల్ చేసి, కట్ చేసి, ఎక్సెల్‌లో పాస్, ఫెయిల్ రాయిస్తారు. రెండేళ్లు అదే చేస్తే తర్వాతి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. చేరేముందు హెచ్‌ఆర్‌ని కాకుండా టెక్నికల్ మేనేజర్‌ని అడగమనండి: ఫెయిలైన కేసు లాగ్ మేమే విశ్లేషిస్తామా, వేరే టీమ్‌కి పంపేస్తామా? క్యూఎక్స్‌డీఎం లాంటి లాగ్ టూల్ లైసెన్సు ఫ్రెషర్లకి ఇస్తారా? సీఎండబ్ల్యూ500 లాంటి నెట్‌వర్క్ సిమ్యులేటర్ (ల్యాబ్‌లోనే ఆపరేటర్ నెట్‌వర్క్‌లా పనిచేసే పరికరం) ఆఫీసులో ఉందా? అమెరికా టైమింగ్స్‌లో కాల్స్ వారానికి ఎన్ని రాత్రులు?

చేరేలోగా ఎల్‌టీఈ అటాచ్ (ఫోన్ 4జీ నెట్‌వర్క్‌లో చేరే) ప్రక్రియలో మెసేజ్‌ల వరుస కంఠతా రావాలి. నెట్‌వర్క్ మెసేజ్‌లు చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో సిప్ (కాల్ కలిపే మెసేజ్‌ల పద్ధతి) కాల్ క్యాప్చర్లు చదవడం అలవాటు చేసుకోవాలి. ఎస్‌ఆర్‌ఎస్‌రాన్ 4జీ అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో లైనక్స్ ల్యాప్‌టాప్‌లోనే బేస్ స్టేషన్, ఫోన్ రెండూ నడపొచ్చు. రేడియోకు బదులు సాఫ్ట్‌వేర్ ద్వారానే సిగ్నల్ పంపే జీరోఎంక్యూ పద్ధతి వాడితే రేడియో బోర్డు కొనక్కర్లేదు. లాగుల్లో వెతకడానికి కాస్త పైథాన్ చాలు. ఆర్‌ఎఫ్ (రేడియో సర్క్యూట్ల) వైపు ఇష్టముంటే స్మిత్ చార్ట్, హార్మోనిక్స్ మళ్లీ తిరగేయాలి. పైన చెప్పిన బ్యాండ్ 13 లెక్క లాంటిదే ఇంటర్వ్యూలో అడిగే అవకాశం ఉంది.

ఆఫర్ లెటర్‌లో బాండ్ ఉంటే ఎన్నేళ్లో, మానేస్తే ఎంత కట్టాలో రాతపూర్వకంగా తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించొద్దు.