అమ్మలూ, ఆ డెబ్బై పౌండ్ల విల్లు జోలికి పోకు

తెనాలి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, "అన్నయ్యా, నీ మేనకోడలు జింకల్ని చంపేవాళ్ల సంతలో నిలబడి పిల్లల చేత బాణాలు వేయిస్తుందట, విన్నావా?" అంది. ఆ గొంతులో సగం ఏడుపు, సగం గొప్ప. ఫోను పెట్టాక నాకు నిద్ర పట్టలేదు. నాలుగింటికే లేచి కాఫీ కలుపుకుని ఇది రాయడానికి కూర్చున్నాను. ఫోనులో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ పెట్టేస్తావని నాకు తెలుసు.

అమెరికాలో, మీ విస్కాన్సిన్‌లో జరిగే ఆ జింకవేటగాళ్ల ప్రదర్శనలో ఎవరూ ఏ జింకనూ చంపరని మీ అమ్మకు చెప్పాను. కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినట్టు అనుకో అన్నాను. మనకు ప్రభలు ఉన్నట్టు వాళ్లకు కొమ్ముల గోడ ఉంటుంది. ఊళ్లలో హాలు గోడకు తగిలించుకున్న కొమ్ముల్ని పికప్ బండిలో దుప్పటి చుట్టి మరీ తెచ్చి కొలిపించుకుంటారు. కొలిచేవాళ్లు టేపు పట్టుకుని, ముక్కు మీద కళ్లద్దాలతో, పెళ్లి బట్టలు కుట్టే దర్జీల్లా ఉంటారు. కొట్టిన వెంటనే కొలవరు, కొమ్ము 60 రోజులు ఆరాలి. విల్లుతో కొట్టిన తెల్లతోక జింకకు మామూలు ఆకారపు కొమ్ములైతే కొలతలన్నీ కలిపి కనీసం 125 అంగుళాల లెక్క వస్తేనే, విల్లువేటగాళ్ల రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్బు పుస్తకంలో ఎక్కుతుంది. ఒక మూల టర్కీ కోడిలా కూసే పోటీ జరుగుతుంది. ఇంకో మూల ఒకాయన ఏప్రన్ కట్టుకుని, జింక తొడను ఏ కండకు ఆ కండ విడదీసి చూపిస్తుంటాడు. చుట్టూ చేరినవాళ్లు నోట్లో వేసిన పాప్‌కార్న్ నమలడం కూడా మరిచిపోతారు.

ఆ కొమ్ముల గోడ దగ్గర తీరిక దొరికితే జేమ్స్ జోర్డన్ సంగతి అడుగు. 1914లో విస్కాన్సిన్‌లోనే, డాన్‌బరీ దగ్గర, ఒక మహా జింకను కొట్టాడు. తలను సిద్ధం చేసి ఇమ్మని ఒకాయనకు అప్పగిస్తే ఆయన ఊరు మారిపోయాడు. తలా పోయింది, కొమ్ములూ పోయాయి. దశాబ్దాల తర్వాత అవి మిన్నెసోటాలో పాత సామాన్ల అమ్మకంలో బయటపడ్డాయి. కొలిస్తే 206 అంగుళాల పైన. మామూలు ఆకారపు కొమ్ముల తెల్లతోక జింకల్లో అప్పటికి ప్రపంచంలోనే పెద్దది. అది జోర్డన్ కొట్టిందేనని 1978లో ఒప్పుకున్నారు. అప్పటికి ఆయన పోయాడు. 1993లో కెనడాలోని సస్కాచెవాన్‌లో కొట్టిన జింక వచ్చేదాకా ఆ లెక్కను ఎవరూ దాటలేదు. ఒకసారి చేజారినది మళ్లీ దొరుకుతుందని నాకు ధైర్యం చెప్పిన కథ అది. నాది మాత్రం దొరకలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. మెత్తటి బూట్లు వేసుకో, కింద అంతా కాంక్రీటు. జుట్టు ముడి వేసుకో, నారికి చిక్కుతుంది. మధ్యాహ్నం తిండి ఇంటినుంచి తీసుకెళ్లు. నీది విద్యార్థి వీసా, మరిచిపోకు. మీ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే కార్యాలయంలో ముందే ఒక మాట అడుగు. చివరిరోజున ఎవరైనా కవరులో డబ్బు పెట్టి ఇస్తే నవ్వుతూ తిరిగి ఇచ్చెయ్యి. భోజనం పెడితే తిను, జీతం మాత్రం వద్దు.

పిల్లల వరుస దగ్గర నువ్వు నాకంటే బాగా చేస్తావు. వాళ్ల చేతికిచ్చేవి ఎక్కువగా విస్కాన్సిన్‌లోనే స్పార్టా అనే ఊళ్లో తయారయ్యే జెనెసిస్ విల్లులు. నారి లాగడానికి పట్టే బరువును పది పౌండ్లకూ ఇరవై పౌండ్లకూ మధ్య తిప్పుకోవచ్చు. చిన్న చేతికీ పెద్ద చేతికీ లాగుడు పొడవు మార్చే పని లేదు. బడుల్లో వాడే ఈల పద్ధతే అక్కడా పెట్టమను. రెండు ఈలలు వేస్తే గీత దగ్గరికి రావాలి, ఒకటి వేస్తే బాణం వేయాలి, మూడు వేస్తే వెళ్లి బాణాలు తెచ్చుకోవాలి, ఐదు లేదా అంతకు మించి వేస్తే ఎవరు ఎక్కడ ఉన్నా ఆగిపోవాలి. ఆ చివరి ఈల మొదటిరోజు పొద్దున్నే ఒకసారి ఉత్తినే వేసి చూపించు. నిజంగా అవసరం పడ్డప్పుడు అదేమిటా అని పిల్లలు ఆలోచిస్తూ నిలబడకూడదు.

విల్లు ఇచ్చేముందు కన్ను చూడు. రెండు అరచేతులూ కలిపి చిన్న సందు చేసి, అందులోంచి నీ ముక్కును చూడమను. ఆ సందులో ఏ కన్ను కనబడితే ఆ వైపు చేత్తో నారి లాగే విల్లు ఇవ్వు. కుడిచేత్తో అన్నం తినే పిల్లకు కూడా ఎడమ కన్ను బలమైనదై ఉండవచ్చు. లక్ష్యంలోంచి బాణం పీకేటప్పుడు వెనకాల ఎవరూ నిలబడకూడదు. బాణం తోక కంట్లో గుచ్చుకోవడం నేను నా కళ్లతో చూశాను. అదృష్టం బాగుండి రెప్పకే తగిలింది. కార్బన్ బాణాన్ని ప్రతిసారీ కొంచెం వంచి చెవి దగ్గర పెట్టుకో. చిటపటమంటే పక్కన పారెయ్యి. విజయవాడలో నువ్వు వేసింది మొదట వెదురు విల్లు, తర్వాత కొసలు ముందుకు వంగిన రికర్వ్. అక్కడ అన్నిచోట్లా కొసల్లో చక్రాలుండే కాంపౌండ్ విల్లే ఉంటుంది. బాణం లేకుండా ఉత్త నారి లాగి వదిలితే దాని కొమ్మలు ముఖం మీదే పగలవచ్చు. ఎవరైనా పిల్లవాడు "ఊరికే లాగి చూస్తాను" అన్నాడా, ముందు వాడి చేతిలోంచి విల్లు తీసుకో, మాటలు తర్వాత.

ఇక అసలు విషయం. నీ స్టాలుకు నాలుగు అడుగుల దూరంలో పెద్దవాళ్ల స్టాలు ఉంటుంది. నువ్వు పిల్లలకు నేర్పుతుంటే చూసి, "మీరూ ఇటు రండి, ఇది లాగి చూడండి" అని నల్లగా మెరిసే డెబ్బై పౌండ్ల విల్లు చేతిలో పెడతారు. డెబ్బై పౌండ్లంటే దాదాపు 32 కిలోలు. లాగేటప్పుడు అన్నిటికంటే బరువుండే చోటు దాటాక చక్రాలు తిరిగి బరువు తగ్గిపోతుంది. ఇప్పటి విల్లుల్లో చాలావాటికి 80 శాతం దాకా తగ్గుతుంది, అంటే పూర్తిగా లాగాక చేతిలో మిగిలేది 14 పౌండ్లే. అందుకే స్టాలులో నిలబడి లాగినవాడికి అది సులువైన పనిలా ఉంటుంది. మోసమంతా అక్కడే ఉంది.

1991లో నేను అలా మోసపోయాను. అప్పుడు నాకు విస్కాన్సిన్‌లోనే, జేన్స్‌విల్ దగ్గర ఒక యంత్రాల కర్మాగారంలో పని. నాతోపాటు లేత్ మీద పనిచేసే ఒక పెద్దాయన నన్ను ఇలాంటి ప్రదర్శనకే తీసుకెళ్లాడు. హాలు చివర రబ్బరు నురగతో చేసిన జింకలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి, ఇరవై గజాల్లో. కదలవు, వినవు, చూడవు. నా చేతిలో డెబ్బై పౌండ్ల విల్లు పెట్టారు. నేను దాన్ని ఆకాశంలోకి ఎత్తి, ఒళ్లంతా వంచి, పళ్లు బిగించి లాగాను. బాణం గుండె దగ్గర దిగింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో గోధుమరంగువాణ్ణి నేనొక్కణ్ణే. ఆ చప్పట్లకు ధర కట్టి విల్లు కొనేశాను. పెద్దాయన ఏమీ అనలేదు. దారిలో కారు నడుపుతూ "నీకు యాభై చాలు" అని మాత్రం అన్నాడు. నాకు కోపం వచ్చింది.

ఎండాకాలమంతా పెరట్లో బనియనుతో నిలబడి సాధన చేశాను. నవంబరు మొదటివారంలో ఒక సాయంత్రం ఆయన పొలం అంచున చెట్టుమీద మంచె ఎక్కాను. నడుముకు పట్టీ కూడా లేదు, చూడు నా తెలివి. మూడు స్వెట్టర్లు, పైన కోటు. మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను. వేళ్లు కర్రలైపోయాయి. అప్పుడు వచ్చిందమ్మా, పద్దెనిమిది గజాల్లో, పొగలాంటి ఊపిరి వదులుతూ. విల్లు లాగబోతే రాలేదు. చలికి బిగుసుకున్న భుజాలతో, కూర్చున్న చోటినుంచి, నా వల్ల కాలేదు. మళ్లీ పెరట్లో చేసినట్టే ఆకాశంలోకి ఎత్తాను. ఆ కదలిక దానికి కనబడింది. తల తిప్పి సరిగ్గా నా వైపే చూసింది. భుజంలో ఏదో కలుక్కుమంది. ఆ నొప్పిలో, ఆ తొందరలో, వదిలేశాను.

బాణం గుండెకు తగలలేదు. చాలా వెనక, కడుపులో తగిలింది. కింద దొరికిన బాణం మీద పచ్చగా, గోధుమగా జిగురు, దుర్వాసన. అలా తగిలితే పది గంటలైనా కదలకుండా ఆగాలి. వదిలేస్తే జింక దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది, అక్కడే పోతుంది. వెంటపడితే లేచి ఎంత దూరమైనా వెళ్తుంది. పెద్దాయన ఇది నాకు ముందే మూడుసార్లు చెప్పాడు. నేను ఆగలేదు. టార్చిలైటు పట్టుకుని పరిగెత్తాను. వంద గజాల తర్వాత గడ్డిలో అది పడుకున్న గుంట కనబడింది, ఇంకా వెచ్చగా ఉంది. నా చప్పుడుకే లేచి వెళ్లింది. తొమ్మిదింటికి వాన మొదలైంది. రక్తం గుర్తులన్నీ పోయాయి. మర్నాడూ, ఆ మర్నాడూ, ఇద్దరం బీళ్లూ వాగులూ గాలించాం. దొరకలేదు.

చిన్నప్పుడు మీ అమ్మమ్మ నాకు దశరథుడి శబ్దభేది కథ చెబుతుంటే ముసలి తల్లిదండ్రుల కోసం ఏడ్చేవాణ్ణి. ఆ రెండోరోజు సాయంత్రం మాత్రం మొదటిసారి దశరథుడి కోసం ఏడ్చాను. వాగు ఒడ్డున కూర్చుని పెద్దాయనకు ఆ కథ చెప్పాను. అంతా శ్రద్ధగా విని, "అంటే లక్ష్యం కనబడకుండానే వదిలాడా?" అన్నాడు. అవునన్నాను. "మా ఊళ్లో వేట తరగతిలో చెప్పే మొదటి పాఠమే అది. మీ రాజుకు ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. నవ్వొచ్చింది, అప్పుడు కూడా. తర్వాతి ఏడాది యాభై పౌండ్ల విల్లు కొన్నాను. డెబ్బైని కొన్నంత ధరలో సగానికి అమ్మేశాను.

కాబట్టి ఎవరు ఎంత రెచ్చగొట్టినా ఒకటే పరీక్ష. కుర్చీలో కూర్చో. రెండు పాదాలూ నేలనుంచి పైకెత్తు. విల్లును సూటిగా లక్ష్యం వైపే ఉంచి, ఆకాశం వైపు ఎత్తకుండా, నెమ్మదిగా లాగు. రాకపోతే అది నీ విల్లు కాదు. విస్కాన్సిన్‌లో జింక వేటకు చట్టం అడిగేది 30 పౌండ్లే. ప్రపంచ పోటీల్లో కాంపౌండ్ విల్లుకు 60 పౌండ్లు దాటకూడదు. మన విజయవాడ జ్యోతి సురేఖ ఆ హద్దులోపలే ఉండి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఈ మాట ఆ స్టాలువాళ్ల మొహం మీదే చెప్పు. పిల్లలకూ ఈ పరీక్షే పెట్టు. ముఖ్యంగా, కొడుకు భుజం వెనక నిలబడి "ఇంకొంచెం బరువు పెంచండి" అనే తండ్రులు వస్తారు. వాళ్లకు భయపడకు. ముందు ఆ తండ్రినే కుర్చీలో కూర్చోబెట్టు.

రక్తపు జాడ పట్టే కుక్కల ప్రదర్శన ఉంటే తప్పకుండా చూడు. నేను ఒకసారి సగం చూసి బయటికి వచ్చేశాను. అలాంటి కుక్క ఒక్కటి ఆ రాత్రి మా దగ్గర ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత ఎవరో ఒకరు నిన్ను శరదృతువులో వేటకు రమ్మంటారు. అక్కడివాళ్లు మనసు మంచివాళ్లు, పిలుస్తారు. వెళ్లాలో వద్దో నీ ఇష్టం, నేను వద్దనను. అనే అర్హత నాకు లేదు. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్సు తీసుకోవాలంటే వేట భద్రత తరగతి చదవాలి. మీ అమ్మే ఆ గీతకు ఇవతల పుట్టింది, ఇక నీ సంగతి చెప్పేదేముంది. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టడం వేరే చట్టం, దాని దరిదాపులకు పోవద్దు. మంచె ఎక్కితే పాదం నేల వదిలిన క్షణంనుంచి మళ్లీ నేల తాకేదాకా పట్టీ ఉండాలి. ఎవరైనా మాంసం ఇస్తే పరీక్ష చేయించారా అని సిగ్గుపడకుండా అడుగు. జింకలను చిక్కి చిక్కి చచ్చేలా చేసే జబ్బు 2002లో మీ మాడిసన్‌కు దగ్గరే, మౌంట్ హోరెబ్ ప్రాంతంలో బయటపడింది, ఇంకా పోలేదు.

నా పాత ఈల వెతికాను, ఇత్తడిది, ఆ పెద్దాయన ఇచ్చింది. తాడు మాత్రం కొత్తది వేశాను. వచ్చేవారం మీ స్నేహితురాలి తల్లిదండ్రులు బయలుదేరుతున్నారుగా, వాళ్ల చేతికి ఇచ్చి పంపుతాను. పచ్చడి కూడా పెడతాను, ఈలను పచ్చడికి దూరంగా కడతాను.

ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించకు. జింక సంగతి ఆమెకు తెలియదు. నా కుడిభుజం మంచు ఎత్తి పోయడం వల్ల పాడయిందని ముప్పై ఏళ్లుగా నమ్ముతోంది. ప్రతి చలికాలం తైలం కాచి పంపుతుంది కూడా.

నీ
మామయ్య