టీ గ్లాసు మీద ఆవిరి కనపడటానికి లక్ష రూపాయల కెమెరా ఎందుకండీ?

"ఫోన్‌తో తీస్తే ఫోటోలు చప్పగా వస్తున్నాయి, లక్ష పెట్టి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా కొనమంటారా?" అన్నది ప్రశ్న. కొనకండి. నొక్కే ముందు ఫోటోలో ఏం కనపడాలో మనసులో లేకపోతే, లక్ష పెట్టినా అదే చప్పదనం మరిన్ని మెగాపిక్సెల్స్‌లో వస్తుంది.

పొగలు కక్కే టీ గ్లాసునే తీసుకోండి. ట్యూబ్‌లైట్ కింద తెల్లగోడ ముందు పెడితే ఎంత కెమెరాకైనా ఆవిరి దొరకడం కష్టమే. ఆవిరిలో ఉండేవి సన్నటి నీటి తుంపరలు. వెనకనుంచి వెలుగు పడితే మెరుస్తాయి, ఆ వెనకాల చీకటి ఉంటే మెరుపు తెలుస్తుంది. ఇంత ఊహించినవాడికి పదివేల ఫోను చాలు.

పొద్దున్నే, గది చల్లగా ఉన్నప్పుడు మొదలెట్టండి. మధ్యాహ్నం వేడికి ఆవిరి లేచీ లేవకముందే మాయమవుతుంది. ఫ్యాను ఆపి, లైట్లు ఆర్పి, ఒక్క కిటికీ కర్టెన్ మాత్రం తీయండి, అద్దం మూసే ఉంచండి. కిటికీకి రెండడుగుల దూరంలో స్టూలు మీద గ్లాసు పెట్టండి. గ్లాసు గడియారం మధ్యలో ఉందనుకుని మీరు ఆరు దగ్గర నిలబడితే, కిటికీ పది దగ్గరుండాలి. గ్లాసు వెనక మూడు నాలుగడుగుల దూరంలో కుర్చీ మీద నల్లదుప్పటి వేయండి. మరీ దగ్గరగా వేస్తే దాని మీదా వెలుగు పడి బూడిదరంగులోకి తిరుగుతుంది. కుడిపక్కన ఒక తెల్లకాగితం నిలబెడితే గ్లాసు నీడవైపు కాస్త తేలుతుంది.

ఫోన్లో రెండు రెట్లు జూమ్ పెట్టి వెనక్కి జరగండి. జూమ్ లేకుండా వైడ్‌లో దగ్గరికెళ్తే గ్లాసు మూతి సాగిపోతుంది. గ్లాసు అంచు మీద వేలు నొక్కిపెట్టి ఫోకస్ లాక్ చేసి, దుప్పటి నల్లబడేదాకా వెలుగు స్లైడర్‌ని కిందికి లాగండి. లేకపోతే చీకటిని చూసి ఫోనే వెలుగు పెంచేసి ఆవిరిని వెలవెలబోయేలా చేస్తుంది. వెనకదాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ జోలికి పోకండి, ఆవిరి ఎంత దూరంలో ఉందో తెలియక సగం చెరిపేస్తుంది. సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/125 (సెకనులో నూట పాతికో వంతు) పెట్టండి, ఆవిరి మెలికలు తెలుస్తాయి. 1/15కి వెళ్తే అంతా కలిసిపోయి మంచులా ఉంటుంది. టీ చల్లారితే మళ్లీ మరిగించకండి, మీగడ కడుతుంది. టీ గ్లాసు వెనకాలే మరిగే నీళ్ల గ్లాసు ఒకటి కనపడకుండా పెట్టండి, చాలు.

ముందే ఊహించుకోవడమంటే ఏంటో తెలియాలంటే, ఫోటోగ్రాఫర్ ఫిలిప్ హాల్స్‌మన్ 1948లో చిత్రకారుడు సాల్వడార్ డాలీని తీసిన 'డాలీ అటామికస్' వెతికి చూడండి, అందులో అన్నీ గాల్లో తేలుతుంటాయి. కుర్చీని ఆయన భార్య గాల్లో పట్టుకుంది, ఈజిల్‌ని (బొమ్మలు గీసే స్టాండుని) తీగలతో వేలాడదీశారు, సహాయకులు పిల్లుల్నీ బకెట్ నీళ్లనీ విసిరారు, డాలీ గెంతాడు. అలా ఇరవైకి పైగా సార్లు! ఫోటోషాప్ ఇంకా పుట్టని రోజులవి.

మనవాళ్లేమో ఏ ఫోటో చూసినా మొదట అడిగేది "ఏ కెమెరా అండీ?" అనే. కిటికీ ఎటుందని అడిగినవాడు లేడు. ఇక ప్రీవెడ్డింగ్ షూట్ల సంగతి చెప్పనక్కర్లేదు: లక్షల సరంజామా, అదే డ్రోను, అదే రంగుపొగ, గాల్లో ఎగిరే అదే గౌను.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చెట్ల మీద కొంగలో, రాత్రిపూట ఇండోర్ కబడ్డీనో తీయాలంటే మాత్రం సామాను కావాల్సిందే. దానికీ కొనక్కర్లేదు, బాడీ, లెన్సు రెండూ అద్దెకు దొరుకుతాయి. తీసుకునేటప్పుడే గాజు మీద గీతలున్నాయేమో షాపువాడి ఎదురుగా చూసుకోండి, లేదంటే పాత గీతలు కూడా మీ ఖాతాలోనే రాస్తాడు.