డిగ్రీ చదువుతూనే సైనికాధికారి కావాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

డిగ్రీ మొదటి సంవత్సరంలోనే ఎన్‌సీసీలో చేరానని, చదువు ముగిశాక సైన్యంలో అధికారిగా వెళ్లాలని ఉందని నువ్వు రాసిన ఉత్తరం అందింది. చాలామంది ఈ ఆలోచన చివరి సంవత్సరంలో చేసి, అప్పుడు పరుగులు పెడతారు. నీకు మూడేళ్ల వ్యవధి ఉంది కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

నీకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. యూపీఎస్‌సీ ఏటా రెండుసార్లు నిర్వహించే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాసి చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్లవచ్చు. ఆ అకాడమీకి ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్ పేపర్లు రెండే, గణితం ఉండదు. రెండోది ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ. ఎన్‌సీసీ ఇచ్చే 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు, డిగ్రీలో మొత్తం మీద 50 శాతం మార్కులు ఉన్నవారు రాతపరీక్షతో పని లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ (అధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఇందులో అమ్మాయిలకు కేటాయించే సీట్లు బాగా తక్కువ కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా సీడీఎస్‌కు కూడా చదువు. పరేడ్‌లు, క్యాంపుల పేరుతో క్లాసులు ఎగ్గొట్టి, చివరికి ఆ 50 శాతం మార్కులు అందుకోలేక ఆగిపోయిన మంచి క్యాడెట్లను నేను చూశాను. క్యాంపుకు వెళ్లే ముందే నోట్సు ఎవరి దగ్గర తీసుకోవాలో మాట్లాడి పెట్టుకో.

పరేడ్ విషయానికి వస్తే, 75 శాతం హాజరు కోసమే వెళ్లేవారికి దక్కేది సర్టిఫికెట్ ఒక్కటే. మొదటిసారి స్క్వాడ్‌ను నీ చేతికి అప్పగించినప్పుడు నేను చెప్పేది నీకే అర్థమవుతుంది. ఆగమని చెప్పే 'థమ్' అనే మాట పడవలసిన అడుగు మీద పడకుండా ఒక్క అడుగు ఆలస్యమైతే కొందరు ఆగుతారు, కొందరు ముందుకు పోతారు, వరస మొత్తం చెదురుతుంది. తప్పు నీ గొంతుది, చూసేవారికి మాత్రం క్యాడెట్లే తప్పు చేసినట్టు కనబడుతుంది. ఆ క్షణంలో వారి మీద అరవకుండా, తప్పు నాదని ఒప్పుకుని మళ్లీ కమాండ్ ఇవ్వడం అలవాటైతే, ఎస్‌ఎస్‌బీ మైదానంలో పలకలు, తాళ్లు, దుంగలతో అడ్డంకి దాటించేటప్పుడు జట్టుతో ఎలా మెలగాలో నీకెవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు.

ఇక ఆ ఎస్‌ఎస్‌బీ ఐదు రోజుల వ్యవహారం. మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే సగానికి పైగా ఇంటిముఖం పట్టడం మామూలే. మానసిక పరీక్షల్లో 60 పదాలు ఒక్కొక్కటి 15 సెకన్ల పాటు చూపిస్తారు, మనసులో తోచింది ఆ లోపే రాయాలి. కోచింగులో బట్టీ పట్టిన వాక్యాలు పది పదాల దాకా ఆదుకుంటాయేమో గాని, ఆ తరువాత మనిషి అసలు స్వభావమే కాగితం మీదికి వస్తుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, ఇంటర్వ్యూకు ముందు మన వివరాలు నింపి ఇచ్చే సమాచార పత్రంలో గొప్పగా ఉంటుందని 'నక్షత్ర వీక్షణం' నా అభిరుచి అని రాశాను. ఆ నెలలో చీకటి పడగానే దక్షిణాన ఏ నక్షత్రాలు కనబడతాయని ఇంటర్వ్యూ అధికారి నెమ్మదిగా అడిగితే నోట మాట రాలేదు. చివరి రోజు చదివిన, ఎంపికైనవారి చెస్ట్ నంబర్లలో (అక్కడ ప్రతి అభ్యర్థికీ ఇచ్చే సంఖ్య) నాది లేదు. రెండోసారి, సైకిలు నేనే బాగుచేసుకుంటానని ఉన్నదున్నట్టు రాశాను; పంక్చరు గురించే చాలాసేపు మాట్లాడించారు, నేనూ హాయిగా చెప్పాను. ఆసారి ఎంపికయ్యాను. కాబట్టి ఆ పత్రంలో రాయదగ్గ పనులేవో ఈ మూడేళ్లలో నిజంగానే చెయ్యి. అవి పెద్దవి కానక్కరలేదు.

ఎంపికైనవారిని కూడా వైద్య పరీక్షలు వెనక్కి పంపుతుంటాయి. చదునైన పాదాలు, నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, అధిక బరువు, చూపు, పళ్లు అన్నీ చూస్తారు. సరిచేసుకోగలిగినవి ఇప్పుడే సరిచేసుకోవడానికి వీలుగా ఈ సెలవుల్లోనే ఒకసారి డాక్టరుకు చూపించుకో. పరుగు రోజూ ఉండాలి గాని, మొదటి నెలలోనే దూరం పెంచి పిక్కల్లో నొప్పి తెచ్చుకోవద్దు.

మొదటి సెమిస్టర్ మార్కులు రాగానే నాకు పంపు. ఆ సమాచార పత్రం నమూనా ఒకటి ఈ ఉత్తరంతో జతచేశాను. ఈ రోజు నీ దగ్గర ఉన్న వివరాలతోనే నింపి దాచుకో. ఖాళీగా మిగిలిన గడులేవో వచ్చే ఏడు ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య