మన ఊళ్ల కరెంటుకు ఏ ఎస్ఎంపీఎస్ నిలబడుతుంది?

దేవరకొండ దగ్గరి పల్లెలో ఉంటామని, తమ్ముడి చదువుకీ కాస్త వీడియో ఎడిటింగ్‌కీ డెస్క్‌టాప్ కట్టించుకుంటున్నామని రాశారు. క్యాబినెట్‌తో పాటు 500 వాట్ల ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును మార్చి కంప్యూటర్‌కు అందించే పవర్ సప్లై డబ్బా) ఫ్రీ అని షాపాయన అంటున్నాడు. విడిగా మంచిది 450 వాట్లది కొంటే మూడు వేల దాకా అవుతుందట. ఏది తీసుకోవాలి, స్టెబిలైజర్ కూడా పెట్టాలా అన్నది మీ ప్రశ్న.

విడిగా కొనండి. నేను మిర్యాలగూడ వైపు ఒక మండల కేంద్రంలో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతాను. చుట్టుపక్కల ఊళ్ల సిస్టములు రిపేరుకు కూడా నా దగ్గరికే వస్తాయి. హైదరాబాద్‌లో కూర్చుని చెప్పే సలహాలు మన దగ్గర సగమే పనికొస్తాయి. మన కరెంటు తీరు వేరు.

యాసంగి నాట్ల సమయంలో బోరు మోటార్లన్నీ ఒక్కసారి నడుస్తుంటే, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైను చివర ఉన్న ఇళ్లలో 230 ఉండాల్సిన వోల్టేజీ 165, 170 దగ్గర ఆడుతుంటుంది. కరెంటు ఉన్నంతసేపూ సిస్టమ్ నడుస్తుంది. పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో మాత్రం రీస్టార్ట్ అవుతుంది. ఎక్కువమంది ఇన్వర్టర్‌ను తిడతారు కానీ అసలు సంగతి ఎస్ఎంపీఎస్ లోపల ఉంటుంది.

అందులో ఒక పెద్ద కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం) ఉంటుంది. సప్లై తెగిన క్షణం నుంచి ఇన్వర్టర్ అందుకునే దాకా సిస్టమ్‌ను మోసేది అదే. ఫుల్ లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లు ఆగాలన్నది ఏటీఎక్స్ (డెస్క్‌టాప్ ఎస్ఎంపీఎస్‌ల ప్రమాణం) పాత లెక్క. పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ అనే సర్క్యూట్) లేని ఎస్ఎంపీఎస్‌లో ఈ కెపాసిటర్ గోడలోని వోల్టేజీని బట్టే నిండుతుంది. సప్లై 230 ఉంటే దానిలో 325 వోల్టుల దాకా ఉంటుంది, 165కు పడితే 233కు మించదు. నిల్వ ఉండే శక్తి వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే లెక్కను బట్టి మారుతుంది కాబట్టి సగం నిల్వ అక్కడే పోయినట్టు. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నవాటిలో ముందున్న సర్క్యూట్ వోల్టేజీని 380 దగ్గరికి లేపి కెపాసిటర్‌ను నింపుతుంది. గోడలో 165 ఉన్నా 230 ఉన్నా దానికి పెద్ద తేడా ఉండదు.

అందుకే నేను వాట్ల కంటే ముందు లేబుల్ మీద ఇన్‌పుట్ చూస్తాను. 100–240 వోల్టులు, యాక్టివ్ పీఎఫ్‌సీ అని ఉండాలి. తక్కువ ధర మోడళ్లలో కొన్నింటి మీద 200–240 అనే ఉంటుంది. పట్నంలో అవి బాగానే నడుస్తాయి, మనకు వద్దు. వెనకాల 115/230 అని ఎర్ర స్విచ్ ఉన్నదైతే అసలు ముట్టుకోకండి. లో వోల్టేజీ కదా అని దాన్ని 115కు జరిపితే, మళ్లీ పూర్తి వోల్టేజీ రాగానే పెద్ద చప్పుడుతో పేలిపోతుంది.

ఇక ఆ ఫ్రీ సరుకు సంగతి. ఒక రైస్ మిల్లు ఆఫీసు నుంచి వచ్చిన సిస్టమ్‌లో అలాంటిదే చచ్చిపోతే డబ్బా విప్పి చూశాను. చేత్తో పట్టుకుంటేనే తేలిగ్గా ఉంది. కరెంటు లోపలికి వచ్చే చోట బోర్డు మీద ఫిల్టర్ కాయిల్ (కరెంటులోని అలజడిని ఆపే తీగ చుట్ట) గుర్తు అచ్చేసి ఉంది, కాయిల్ లేదు. దాని స్థానంలో రెండు తీగ ముక్కలు సోల్డర్ చేసి పెట్టారు. పైన స్టిక్కర్ మీద 500 వాట్లు, పక్కనే సన్న అక్షరాల్లో 12 వోల్టులకు 16 ఆంపియర్లు. గుణించండి, 192 వాట్లు. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ పని చేసేది ఆ 12 వోల్టుల లైనే. నిజమైన 450 వాట్ల దాని మీద అదే చోట 36 ఆంపియర్ల దాకా రాసి ఉంటుంది. (మీరు మాత్రం డబ్బా విప్పకండి. ప్లగ్ పీకిన తర్వాత కూడా ఆ పెద్ద కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉండిపోవచ్చు.)

షాపుల్లో పచ్చ వైరు, నల్ల వైరు కలిపి ఫ్యాన్ తిప్పి ‘మంచిగుంది చూడండి’ అంటారు. లోడు లేకుండా ఫ్యాన్ తిరిగితే ఫ్యాన్ బాగున్నట్టు, అంతే.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత ఆదా అవుతుందో చెప్పే గుర్తులు. రక్షణ సర్క్యూట్లు ఉన్నాయో లేవో అవి చెప్పవు. మీ పనికి బ్రాంజ్ చాలు, గోల్డ్‌కు పెట్టే పైసలు ఎస్ఎస్‌డీకి (డేటా దాచే వేగమైన డిస్కుకు) పెట్టండి. కంపెనీ పేరు చూసి మురిసిపోవద్దు, ఒకే కంపెనీలో సిరీస్ మారితే లోపలి సరుకు మారుతుంది. నాకైతే వారంటీయే మంచి కొలత. మూడేళ్లు ఇచ్చే మోడల్ కంటే ఐదేళ్లు ఇచ్చేదాని మీద కంపెనీకే నమ్మకం ఎక్కువ. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఇలాంటి సిస్టమ్ మొత్తం 150 వాట్లు దాటడం అరుదు, 450 బోలెడు. తర్వాత ఆర్‌టీఎక్స్ 4060 లాంటి గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 550 తీసుకోండి.

ఇన్వర్టర్ ఉంటే వెనకాల ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉందేమో చూడండి. నార్మల్ మోడ్‌లో మారడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఎంత మంచి ఎస్ఎంపీఎస్ అయినా ఆగకపోవచ్చు. ఒక చిక్కుంది. యూపీఎస్ మోడ్‌లో చాలా ఇన్వర్టర్లు వోల్టేజీ 180 దగ్గరికి పడగానే బ్యాటరీ మీదకు వెళ్లిపోతాయి. నాట్ల రోజుల్లో సాయంత్రానికల్లా బ్యాటరీ ఖాళీ అవుతుంది. నేను ఇంటికి నార్మల్ పెట్టి, సిస్టమ్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టమంటాను. 600 వీఏ అని ఉన్నది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది, అది గుర్తుంచుకోండి.

కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టాక క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని చాలామంది వాపస్ తెస్తారు. తప్పు దానిది కాదు, ఇంట్లో ఎర్తింగ్ లేదు. ఫిల్టర్‌లోని చిన్న కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ తెగి ఉంటే బాడీ మీద 115 వోల్టుల దాకా తేలుతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టేటప్పుడు పోర్టులు పోయేది ఇలాగే. తమాషా ఏంటంటే, ఫిల్టరే లేని అగ్గువ సరుకు జివ్వుమనదు, దాంతో ‘పాతదే నయం’ అంటారు. ఎలక్ట్రీషియన్‌తో ఉప్పు, బొగ్గు వేయించి మంచి ఎర్త్ గుంత తీయించండి, ఎండాకాలంలో నీళ్లు పోస్తుండండి. కొందరు బద్ధకించి సాకెట్‌లోనే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు. న్యూట్రల్ తెగిన రోజున క్యాబినెట్ మొత్తానికి ఫేజ్ వస్తుంది. అలా మాత్రం చేయనివ్వకండి.

స్టెబిలైజర్ అక్కర్లేదు. 100–240 ఎస్ఎంపీఎస్‌కు అది చేసే మేలేమీ లేదు, పైగా దాని లోపలి రిలే స్విచ్ టక్కుమన్నప్పుడల్లా ఒక చిన్న గ్యాప్ వస్తుంది. మన దగ్గర అసలు భయం స్తంభం మీద న్యూట్రల్ తెగి 400 వోల్టుల దాకా రావడం. దానికి ఏ ఎస్ఎంపీఎస్ ఆగదు, స్పైక్ బస్టరూ ఆపదు. స్టెబిలైజర్ పైసలతో మీటరు పక్కన ఎంసీబీ బాక్సులో ఓవర్ వోల్టేజీ ప్రొటెక్టర్ పెట్టించండి, ఫ్రిజ్, టీవీ కూడా బతుకుతాయి. ఉరుములు మొదలైతే మాత్రం ప్లగ్గూ నెట్ కేబులూ రెండూ పీకేయాల్సిందే.