ఈసీజీలోనే గుండె లయ లోపం తెలిశాక, అబ్లేషన్‌కు ముందు మళ్లీ మ్యాపింగ్ ఎందుకు?

ఈసీజీ గుండె లయ ఏ రకంగా తప్పిందో చెబుతుందే తప్ప, ఆ లోపం గుండె లోపలి గోడలో కచ్చితంగా ఎక్కడ ఉందో చూపలేదు కాబట్టి, కాథెటర్‌తో (రక్తనాళం గుండా గుండెలోకి పంపే సన్నని గొట్టంతో) ఆ చోటును నిర్వీర్యం చేసే అబ్లేషన్ చికిత్సకు ముందు మ్యాపింగ్, అంటే ఆ చోటును వెతికి పటం గీయడం, అవసరమవుతుంది. ఛాతీకి, కాళ్లూ చేతులకు అమర్చిన పట్టీలకు అందేది గుండె మొత్తం విద్యుత్తు కలగలిసిన సంకేతం మాత్రమే. మ్యాపింగ్‌లో, తొడ మొదట్లోని సిర గుండా పంపిన సన్నని కాథెటర్ గుండె లోపలి గోడను చోటు చోటునా తాకుతూ, ఒక్కో బిందువుకు విద్యుత్తు ఎన్ని మిల్లీసెకన్ల ముందువెనుకలుగా చేరిందో, ఎంత బలంగా ఉందో నమోదు చేస్తుంది. ఆ కొలతలను కంప్యూటర్ రంగుల త్రిమితీయ పటంగా చూపుతుంది. అన్నిటికన్నా ముందు స్పందించిన చోటు లోపానికి మూలం కావచ్చు. సంకేతం బాగా బలహీనమైన చోట పాత గాయపు మచ్చ ఉండవచ్చు.

ఉదాహరణకు, కడపలో ఒకరికి ఈసీజీలో ఏట్రియల్ ఫ్లట్టర్ (గుండె పై గదులు అతివేగంగా కొట్టుకునే లయ లోపం) అని తేలిందనుకుందాం. ఇందులో సాధారణంగా విద్యుత్తు కుడి కర్ణికలో, అంటే గుండె కుడివైపు పై గదిలో, కింది గదిలోకి తెరుచుకునే ట్రైకస్పిడ్ కవాటం చుట్టూ నిమిషానికి సుమారు 300 సార్లు తిరుగుతుంది. ఆ కవాటానికీ, కింది మహాసిరకూ మధ్యనున్న ఇరుకైన కండర భాగం మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేడితో గీత గీస్తే వలయం తెగిపోతుంది. గీతలో చిన్న సందు మిగిలినా విద్యుత్తు మళ్లీ దాటవచ్చు కనుక, చికిత్స తరువాత కూడా కాథెటర్‌తో సరిచూడడం చాలా ముఖ్యం. పూర్వం గుండెకు శస్త్రచికిత్స జరిగినవారిలో వలయం మచ్చల చుట్టూ మరోచోట ఉండవచ్చు. అక్కడ పటం విలువ ఇంకా ఎక్కువ.

చాలామంది మ్యాపింగ్‌ను యాంజియోగ్రామ్‌గా పొరబడి, "యాంజియో నార్మల్ వచ్చింది కదా, మళ్లీ ఇదెందుకు?" అని వెనుకాడడం విచారకరం. యాంజియోగ్రామ్ చూపేది గుండెకు రక్తం తెచ్చే నాళాల్లోని అడ్డంకులను. ఆ నాళాలు శుభ్రంగా ఉన్నవారిలోనూ విద్యుత్తు దారి తప్పి ఉండవచ్చు.